బొద్దింక చూడని రంగు

నెల్లూరు సీమ సముద్రతీరమున బొద్దింకను ఎరుగని యిల్లు లేదు. నడిరేయి వంటయింట దీపము వెలిగించినంతనే గోడసందులలోనికి దూరిపోవు ఈ పురుగును చూచి, దీనికి వెలుతురు సరిపడదని అందరును అనుకొందురు. ఆ మాట సగమే నిజము. వెలుతురున అనేక వర్ణములు కలవు. వానిలో ఏది బొద్దింకకు వెలుగు, ఏది చీకటి అను ప్రశ్న తేలుటకు శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రనే ఇచట ముచ్చటింపనెంచితిమి.

ముందు పురుగు సంగతి. మన యిండ్లలోని పెద్ద యెఱ్ఱబొద్దింకకు 1758లో లిన్నేయసు పండితుడు అమెరికా పేరు పెట్టెను. పేరు అమెరికాది, పుట్టినిల్లు మాత్రము ఆఫ్రికా. ఓడల సరకులతోపాటు అది లోకమంతట వ్యాపించిన తీరును 1945లో జేమ్సు రేన్ అను కీటకశాస్త్రజ్ఞుడు వివరించెను. మన తీరమునకు ఓడలు కొత్తవి కావు. 1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నమున వర్తకస్థానమును నెలకొల్పి, తమకు తోడుపడిన ఆర్ముగ మొదలియారు పేరిట దానిని ఆర్మగాము అనిరి. అచటి అధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్టణమునకు స్థలము సంపాదించుటతో ఆర్మగాము వెలవెలబోయినది. ఆ వర్తకులు బట్టలకు లెక్కలు వ్రాసికొనిరిగాని, ఓడ అడుగున దాగిన బొద్దింకలను లెక్కించువారెవరు? బ్లై అను నౌకాధిపతి వాని బాధ పడలేక తన ఓడయందు సలసల కాగు నీటిని పోయించవలసివచ్చెను.

ఇక రంగుల మాట. ఇంగ్లండులో జాన్ లబ్బక్ చీమలగూటిపై రంగురంగుల గాజుపలకలను పరచి చూచెను. చీమలు ఊదాగాజు క్రింద నిలువక ఎఱ్ఱగాజు క్రిందికి చేరుచుండెను. మన కంటికి చీకటిగా తోచు ఊదా వాని కంటికి వెలుగు, మనకు కాంతిగల ఎరుపు వానికి చీకటి! మనుష్యుడు చూడనే చూడలేని అతినీల కిరణములను సైతము చీమలు గుర్తించునని అతడు 1882లో వెలువడిన గ్రంథమున ప్రకటించెను. 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్, తేనెటీగలు రంగులను పోల్చుకొనగలవనియు, ఎరుపును మాత్రము నలుపుగా భ్రమించుననియు నిరూపించెను.

బొద్దింక వంతు 1970లో వచ్చినది. అమెరికాలో మోట్, గోల్డ్‌స్మిత్ అను నిరువురు అతిసూక్ష్మమైన గాజుసూదులను దాని కంటి కణములలోనికి పంపి, ఏ వర్ణమునకు ఏ కణము స్పందించునో కొలిచిరి. రెండు విధముల కణములే కనబడెను. ఒకటి 365 నానోమీటర్ల అతినీల కిరణమునకు, రెండవది 507 నానోమీటర్ల ఆకుపచ్చకు మిక్కుటముగ స్పందించునవి. గాఢమైన ఎరుపును పట్టు కణము లేదు. అట్లని అది మందదృష్టిగల జీవి యనుకొనరాదు. మనకు ఏమియు కానరాని కటికచీకటిలో గూడ అది చూడగలదని 2014లో ఫిన్లండు దేశపు ఔలు విశ్వవిద్యాలయమువారు తెలిపిరి.

దీపము లేకున్నను బొద్దింకకు రాత్రి తెలియును. దినములతరబడి చీకటిలో నుంచినను ఇంచుమించు ఇరువదినాలుగు గంటల కొకమారు అది సంచారమునకు బయలుదేరును. ఆ గడియారము మెదడున కంటి నంటియున్న భాగములలో నున్నదని 1968లో నిషియిట్సుట్సుజి, పిట్టెండ్రిగ్ అనువారు చూపిరి. అంతకు ముందేడే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునుండి కె. పంపాపతిరావుగారు, టి. గోపాలకృష్ణారెడ్డిగారు ఇట్టి దైనందిన లయలలో రక్తగత పదార్థముల పాత్రను గూర్చి 'నేచర్' పత్రికలో వ్రాసిరి. మన తీరమునకు కూతవేటు దూరమున ఇట్టి పరిశోధన జరిగినదని ఎందరు ఎరుగుదురో!

ఇంతకును గృహస్థునకు ఇందలి ప్రయోజనమేమి? బొద్దింక ఏవగింపునకు మాత్రమే కారణము కాదు. దాని పెంట, పొట్టు రేణువులు కొందరికి పడవని 1964లో బెర్న్‌టన్, బ్రౌన్ అను వైద్యులు గుర్తించిరి. నేడు పిల్లల ఉబ్బసమునకు గల హేతువులలో దీనిని గూడ వైద్యులు పేర్కొనుచున్నారు. రంగుదీపముతో దీనిని పారద్రోలవచ్చునను మాటను మేము నమ్మము. దీపము దానిని దాచునేగాని వెళ్లగొట్టదు. తెల్లదీపమున కనబడక పోయినంతమాత్రమున ఇంట లేదనుకొనుట పొరపాటు. వెనుకటి రేడియోలలో కవాటముల వెచ్చదనమునకు అవి పెట్టె వెనుకనే కాపురముండెడివి, పాట వినువారికి తెలియనే తెలియదు.

ఎన్ని కలవో తెలియగోరువారు బ్యాటరీలైటు మొగమునకు ఎఱ్ఱని గాజుకాగితమును మూడు నాలుగు మడతలు కట్టి, దీపములార్పిన రెండుగంటలకు అలికిడి లేకుండ వంటయింటికి పోవలెను. తూము కడను, నీళ్లబిందె క్రిందను, బియ్యపు డబ్బాల వెనుకను అవి నిశ్చింతగ తిరుగుచుండును. ఏ సందునుండి వచ్చుచున్నవో చూచి, తెల్లవారిన పిమ్మట ఆ సందును సిమెంటుతో పూడ్పించి, రాత్రులందు తూము కడ తడి లేకుండ తుడువవలెను.