ప్రీ-బోట్జింగర్ సముదాయం

ప్రీ-బోట్జింగర్ సముదాయం క్షీరదాల మెదడు కాండంలో, మజ్జాముఖానికి ఇరుపక్కలా ఉండే చిన్న నాడీకణాల గుంపు. ఉచ్ఛ్వాసం (గాలి లోపలికి పీల్చడం) యొక్క లయ ఇక్కడే జనిస్తుంది. దీని గురించి తెలిసిన విషయాలలో అధికభాగం ఎలుకలపై జరిపిన పరిశోధనల వలన లభించినవే.

ఆవిష్కరణ

1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వారి సహచరులు ఎలుక పిల్లల మజ్జాముఖం నుండి పలుచని ముక్కలను కోసి పరిశీలించారు. దేహం నుండి వేరుచేసినప్పటికీ, ఈ కణాలున్న ముక్కలో నాలుకకు వెళ్ళే నాడి శ్వాసను పోలిన లయను కొనసాగించింది. పొరుగున ఉన్న బోట్జింగర్ సముదాయానికి ఒక జర్మన్ ద్రాక్షసారా పేరు పెట్టారు. దానిని బట్టి దీనికి ఈ పేరు వచ్చింది.

పనితీరు

ఇక్కడి సంకేతాలు ఇతర నాడీకణాల ద్వారా వెన్నుపామును, అక్కడి నుండి ఫ్రెనిక్ నాడి ద్వారా విభాజక పటలాన్ని చేరతాయి. 2001లో పెద్ద ఎలుకలలో ఈ కణాలలో ఒక రకాన్ని నశింపజేయగా శ్వాస క్రమం తప్పింది. 2005 నాటి ప్రయోగంలో ఈ లోపం మొదట నిద్రలోనే బయటపడింది. మార్ఫిన్ వంటి మందులు ఈ కణాల చర్యను మందగింపజేస్తాయి. అవి మోతాదు మించినప్పుడు శ్వాస ఆగి మరణం సంభవించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రక్తపోటుతో సంబంధం

సమీపంలోనే ఉండే సీ1 నాడీకణాలు సింపథెటిక్ నాడీవ్యవస్థను ప్రేరేపించి రక్తనాళాలను సంకోచింపజేస్తాయి. రక్తపోటు పెరిగినప్పుడు ధమనుల గోడలలోని గ్రాహకాలు పంపే సంకేతాల ఫలితంగా ఈ కణాల చర్య తగ్గి, పోటు అదుపులోకి వస్తుంది. శ్వాస లయ సింపథెటిక్ నాడులలో కూడా కనిపిస్తుంది.