శంకుస్థాపన లేని సంస్థ

ఉత్సవ సంచికలలో సంస్థల చరిత్ర వ్రాయువారు సాధారణముగా శంకుస్థాపన తేదీతో ఆరంభించి, అధ్యక్షుల పేర్లు వరుసగా చెప్పి, భవననిర్మాణమునకు చందాలిచ్చిన దాతలకు కృతజ్ఞతలతో ముగింతురు. నేను వ్రాయబూనిన సంస్థకు శంకుస్థాపన జరుగలేదు, అధ్యక్షుడు లేడు, రసీదు పుస్తకము అసలే లేదు. ఐనను పరవాడ ప్రాంతమున పాతకాలపు ఇండ్ల అటకలు వెదకినచో దాని శాఖ యొకటి కనబడకపోదు. మేదరు లల్లిన చేటలు, తట్టలు, గంపలు, సిబ్బులు. వానిని తరతరములుగా కూడబెట్టిన గృహిణులు. ఆ యిరువురను కలిపిన సంతలు – ఈ మూడును కలిసి ఒక సంస్థ యనియే నా యభిప్రాయము.

మేదరులు తమను మహేంద్రులని చెప్పుకొందురు. పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుని అనుచరులైన శరణులలో వెదురు పనితో జీవించిన మేదర కేతయ్యను వారు తమ కులమునకు పూజ్యునిగా తలంతురు. అటుపిమ్మట వీరి వృత్తాంతము గ్రంథస్థమైన తావులలో ముఖ్యమైనది థర్‌స్టన్ దొర 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథము. ఆయన 1885 మొదలు చెన్నపురి సంగ్రహాలయమునకు అధ్యక్షుడు. 1851లో వెలసిన ఆ సంగ్రహాలయము, విశాఖపట్టణము జిల్లా మదరాసు రాజధానిలో నున్న ఆ దినములలో, పరవాడవారికిని సొంత సంగ్రహాలయమే. గ్రంథము కులముల క్రమమున కూర్చబడినదగుటచే అందు వృత్తి కనబడును గాని, ఫలానా గ్రామపు ఫలానా ముసలమ్మ అల్లిక కనబడదు. ఆ లోపమును మన యిండ్లు కొంత పూరించినవి.

ఏలయన మన యింట బుట్ట లేని ఘట్టము లేదు. పురిటిబిడ్డను చేటలో పరుండబెట్టుట కొన్ని యిండ్ల ఆచారము. పెండ్లికూతురిని మేనమామ గంపలో కూర్చుండబెట్టి పందిటిలోనికి మోసికొని వచ్చును. నోముపట్టిన ముత్తైదువ చేటలో వాయనము పెట్టి కొంగు కప్పి యిచ్చును. కళ్ళమున ధాన్యము తూర్పారబట్టుటకు చేట, ఎత్తుటకు తట్ట, పెరటిలో కోడిపిల్లలను మూయుటకు గంప, అన్నము వార్చుటకు సిబ్బి. ముత్యాలమ్మపాలెము తీరమున వలలు లాగినతోడనే తలపై చుట్టకుదురు సర్దుకొని చేపల గంప నెత్తి కెత్తుకొన్న స్త్రీ నడకలో గంప పనితనమును సగము తెలియవచ్చును: నీరు కారిపోవలెను, చేప జారరాదు, అంచు చేతికి గ్రుచ్చుకొనరాదు.

పని చూచితిమా, సాధన వెదురు గట్టిగను బోలు తక్కువగను ఉండును. ముళ్ళ వెదురు లావుగా పెరుగును. పచ్చిబొంగును నిలువునా చీల్చి, కత్తిమొనతో బద్దలు తీసి, పైతొక్కతో కూడిన బద్దను లోపలి మెత్తని బద్దనుండి వేరుచేయుదురు. పైబద్ద నునుపు, దృఢము. లోబద్దలో పిండిపదార్థ ముండుటచే పురుగు త్వరగా తొలుచును. కావుననే తెలిసిన గృహిణి సంతలో బుట్టను రంగు చూచి కొనదు. చేటను వెలుతురునకు ఎత్తిపట్టి, వ్రేలితో మీటి, “పైబద్దేనా, లోబద్ద కలిపినావేటే?” యని అడుగును, అమ్మునామె “వొంచి సూడప్పా, ఇరిగితే డబ్బులొద్దు” అనును. ఈ రెండు మాటల పరీక్షలో నెగ్గిన చేటయే ఇల్లు చేరును. అమ్మినామె మరుసటేడు సంతకు రానిచో, ఆమె కేమైనదోయని కొన్నవారు విచారించుటయు కలదు.

కొన్న చేట ఇంకను సగము చేటయే. కాగితములను నానవేసి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును లోపల మెత్తి యెండబెట్టవలెను. కొందరు పేడతో అలుకుదురు. సందులు పూడి నూకయు జారదు, మెంతి చేదునకు పురుగును చేరదు. అల్లినది మేదరస్త్రీ, ముగించినది ఇల్లాలు. ఇట్టి ఉమ్మడి రచన మన శిల్పములలో అరుదు. వంటింటి పొగ సోకు అటకపై నుంచిన బుట్ట మరింతకాలము మన్నుటయు వారెరిగినదే.

చట్టము మాత్రము ఈ వృత్తిని చిత్రముగా చూచినది. వెదురు గడ్డిజాతిది, ఐనను 1927 నాటి అటవీచట్టము దానిని చెట్లలో చేర్చెను. అందుచే కొట్టుటకును తరలించుటకును అనుమతుల బెడద. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయముగా అంగీకరించెను. 2017లో జరిగిన సవరణ అడవి వెలుపల పెరిగిన వెదురును చెట్ల నిర్వచనమునుండి తొలగించెను. గడ్డి గడ్డియేయని ఒప్పుకొనుటకు చట్టమునకు తొంబది యేండ్లు పట్టినది!

ఈలోగా పరవాడ మారిపోయినది. 2002లో సింహాద్రి విద్యుత్కేంద్రము వెలుగునిచ్చెను, ఔషధనగరి వెలసెను, 2022లో మన మండలము క్రొత్త అనకాపల్లి జిల్లాలో చేరెను. మట్టి మోయుటకు ఇనుపతట్ట, ధాన్యమునకు గోనె, చేపలకు ప్లాస్టిక్ తొట్టె వచ్చినవి. వానిని నిందింపను, తడిసి కుళ్ళని తొట్టెను బెస్తస్త్రీ కోరుకొనుట న్యాయమే. కాని చేట నోడించిన పరికరము చిన్న వంటింటికి ఇంకను రాలేదు.

బుట్టలు కూడబెట్టుట యన్న మాట మొదట వచ్చినది గనుక అమెరికా ముచ్చట యొకటి. ఒహాయో రాష్ట్రమున 1973లో ఆరంభమైన లాంగాబర్గర్ సంస్థ మేపుల్ కొయ్య పట్టీలతో చేతి అల్లిక బుట్టలు చేయించి, ఇరుగుపొరుగు స్త్రీల యింటి సమావేశములలో అమ్మెడిది. ప్రతి బుట్ట అడుగున అల్లినవారి పొడి అక్షరములు, తేదీ. ఆ గుర్తులకై వేలమంది సేకర్తలైరి. సంస్థ 1997లో ఏడంతస్తుల కార్యాలయమును పిడులతోసహా బుట్ట ఆకారముననే కట్టించుకొనెను, 2018లో మూతపడెను. ఆ భవనపు ఆర్భాటము మనకు వలదు. అడుగున పెట్టిన సంతకము మాత్రము మనము నేర్వదగినది.

మన నగరములలోను ఇటీవల చేటలను రంగులద్ది గోడకు తగిలించు వేడుక ప్రబలినది. చెరుగని చేట నాకు ముచ్చట గొల్పదు. ఐనను కొనువారు కొనుటయే మేలు, మేదరయింట పొయ్యి వెలుగును. అరకులోయ గిరిజన సంగ్రహాలయమును చూడబోవు మనవారు, ఆ ఆసక్తిలో కొంత తమ అటకపైని వెచ్చించిన చాలును.

కావున ఈ సంచిక చదువు ప్రతి యింటివారికి నా మనవి: అటకపై నున్న చేటలను, గంపలను దింపి, వానిని కొన్న సంతయు అల్లినవారి పేరును పెద్దలకు జ్ఞప్తియున్నంతలో అడిగి, చీటీ వ్రాసి కట్టి యుంచుడు. ఇకమీద కొనునప్పుడు ధరతోపాటు పేరును అడుగుడు. బేరము కొంచెము తక్కువ చేయుడు.