బడిలో అన్నము: దయనుండి హక్కువరకు

మన దేశమున బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టుట దయాకార్యముగా మొదలై, చట్టము గుర్తించిన హక్కుగా పరిణమించినది. ఈ మార్పునకు తొంబదియేండ్లకు పైగా పట్టినది.

1920లో మదరాసు ఆంధ్రులకును రాజధానియే. ఆ నగరపాలక సంఘాధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. థౌజండ్ లైట్సు ప్రాంతమునందలి సంఘ పాఠశాలలో పిల్లలకు, దినమునకు తలకొక అణా మించకుండ, ఫలాహారమొసగుటకు సంఘము ఆ ఏట తీర్మానించెను. ఆకలిగొన్న బిడ్డకు చదువు తలకెక్కదను సత్యమును పాలకులు గుర్తించిరి. ఈ ఏర్పాటు మరికొన్ని పాఠశాలలకు వ్యాపించెను. కాని ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదని ప్రభుత్వము అభ్యంతరపెట్టగా 1925లో నిలిచిపోయెను. ఇదేమని అడుగుటకు తలిదండ్రులకు ఏ ఆధారమును లేకుండెను.

స్వాతంత్ర్యానంతరము 1956లో కామరాజుగారును, 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారును తమిళదేశమున ఈ కార్యమును విస్తరింపజేసిరి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము పేదలకు కిలో రెండు రూపాయలకే బియ్యమిచ్చెను. 1996లో ఆ ధర మూడున్నర రూపాయలాయెను. ప్రభుత్వాజ్ఞతో వచ్చినది ప్రభుత్వాజ్ఞతోనే మారవచ్చును.

ప్రజల పోషణస్థాయిని పెంచుట రాజ్యము విధియని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచున్నది. అయినను అది ఆదేశసూత్రమే. దానిని న్యాయస్థానముద్వారా అమలు చేయించుకొనుటకు వీలులేదు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జాతీయ పథకమును ప్రారంభించినను, పెక్కు రాష్ట్రములు వండిన అన్నమునకు బదులు నెలకు మూడు కిలోల ధాన్యము పంచి ఊరకుండెను.

2001లో రాజస్థానమున కరవు. గిడ్డంగులలో ధాన్యము పేరుకొనియుండగా పల్లెలలో ప్రజలు పస్తులుండిరి. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అను సంస్థ సుప్రీంకోర్టు నాశ్రయించెను. జీవించు హక్కులో అన్నము హక్కు ఇమిడియున్నదని దాని వాదము. ఆ ఏడు నవంబరు 28న న్యాయస్థానము, ప్రభుత్వ, సహాయక ప్రాథమిక పాఠశాలలన్నిటను ప్రతి బిడ్డకు కనీసము 300 కాలరీల వండిన భోజనమును, ఏడాదికి 200 దినములకు తగ్గకుండ, పెట్టవలెనని ఆదేశించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో బడులలో పొయ్యిలు వెలిగినవి. డ్వాక్రా మహిళలు గరిటె పట్టిరి. వంటవారి నియామకమున దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమీయవలెనని 2004లో న్యాయస్థానము మరియొక ఆదేశమిచ్చెను. అంటరానివారని ఒకనాడు దూరముంచబడినవారు వండిన అన్నమును అన్ని కులముల పిల్లలు ఒక్క బంతిని కూర్చుండి తినుటకు ఇది మార్గమయ్యెను.

2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ఈ భోజనమును శాసనబద్ధ మొనర్చినది. భోజనమందనిచో బదులుగా భత్యము చెల్లించవలెనని కూడ అందు గలదు. 1925లో అన్నము ఆగినపుడు పిల్లలు మౌనముగా ఇంటికి పోయిరి. ఆ పరిస్థితి నేడు వచ్చినచో తల్లి బడికి పోయి, చట్టమును చూపి అడుగగలదు. కాని చట్టమున్నదని తెలిసినవారే దానిని చూపగలరు. ఆ యెరుకను ఇంటింటికి చేర్చుట గ్రామ గ్రంథాలయములు చేయదగిన పని.