జపానులో బాట మజిలీలు

కాశీమజిలీ కథలు చదివిన మనకు మజిలీ యన నేమో చెప్పనక్కరలేదు. జపానులో 1601లో తొకుగవా ఇయెయసు తోకైదో మార్గమున మజిలీల నేర్పరచెను. క్రమముగ నవి 53 అయినవి. మరికోలో అడవిదుంప తురుము అన్నములో కలిపి పెట్టెడివారు. హకొనె కొండదారిలో రంగుచెక్కలు పొదిగిన పెట్టెలు దొరకెడివి. రైలు వచ్చెను, మజిలీలు వెలవెలబోయినవి.

1993లో ప్రభుత్వము 103 ‘మిచి నొ ఎకి’లను, అనగా బాట స్టేషనులను, నమోదు చేసెను. నేడవి 1,200 పైచిలుకు. మరుగుదొడ్లు, బండ్లు నిలుపు తావు రేయింబవళ్లు తెరచియుండవలెననుట నియమము. నాకు నచ్చినది వేరొకటి: పలుచోట్ల రైతే ముల్లంగికట్టపై తన పేరు వ్రాసి, ధర తానే కట్టి, ఉదయమున అంగడిలో పెట్టి పోవును. పడుచువారు పట్టణములకు తరలిన పల్లెలో ముదుసలి రైతునకు దళారి బెడద లేని అమ్మకమిది. 2004లో నీగతా సీమను భూకంపము కుదిపినపుడు ఇండ్లు విడిచినవారిలో కొందరు ఈ స్టేషనులలో తలదాచుకొనిరి.