కాశీనాథుని నాగేశ్వరరావు - వ్యాపారం, ప్రజాసేవ

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867 మే 1 - 1938 ఏప్రిల్ 11) అమృతాంజనం సంస్థ స్థాపకుడు, ఆంధ్రపత్రిక, భారతి పత్రికల వ్యవస్థాపకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు. ఆంధ్రులు ఈయనను "దేశోద్ధారక", "విశ్వదాత" అన్న బిరుదులతో గౌరవించారు. తలనొప్పి మందు అమ్మి గడించిన ధనాన్ని తెలుగు పత్రికలకు, గ్రంథ ప్రచురణకు, జాతీయోద్యమానికి వినియోగించాడు. వ్యాపారం సాగుతుండగానే ప్రజాసేవను కూడా నడిపించడం ఈయన జీవితంలోని ప్రత్యేకత.

బాల్యం, విద్య

నాగేశ్వరరావు కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించాడు. బందరులోను, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి 1891లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం పంతులు రచనలు ఈయనను ప్రభావితం చేశాయి. ఆ కాలంలో పట్టభద్రులు సాధారణంగా ప్రభుత్వోద్యోగాన్నో, న్యాయవాద వృత్తినో ఎంచుకునేవారు. నాగేశ్వరరావు మాత్రం వ్యాపారం వైపు మొగ్గు చూపాడు. కలకత్తాలో మందుల వ్యాపారంలోని మెళకువలు నేర్చుకుని బొంబాయి చేరాడు.

అమృతాంజనం

1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించాడు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం వంటి ద్రవ్యాలతో తయారయ్యే ఈ లేపనం తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు ఉపశమనం కలిగిస్తుంది. కొత్త మందును జనం నమ్మి కొనడం కష్టమైన రోజులవి. అందుచేత సంగీత కచేరీలకు వచ్చినవారికి దీనిని ఉచితంగా పంచేవాడని చెబుతారు. ఒకసారి వాడినవారు మళ్ళీ కొనడంతో వాడకం పెరిగింది. పసుపుపచ్చని ఈ మందు క్రమంగా దేశమంతటా ఇంటింటి మందుగా మారింది. 1936లో సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.

పత్రికలు

1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు నాగేశ్వరరావు హాజరయ్యాడు. జాతీయోద్యమ వార్తలను తెలుగువారికి చేరవేసే పత్రిక అవసరమని గ్రహించి, 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించాడు. తెలుగు జిల్లాలకు దూరంగా ఉన్న నగరంలో తెలుగు పత్రికను నడపడానికి అమృతాంజనం ఆదాయమే ఆధారమయింది. పత్రిక ప్రకటించే ఉగాది సంచికలలో పండితుల వ్యాసాలు, కవితలు, చిత్రాలు ఉండేవి.

వారపత్రికను దూరం నుండి పంపవచ్చు గాని, దినపత్రిక పాఠకులకు దగ్గరలో ఉండాలి. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగం. అందువల్ల 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసు నుండి దినపత్రికగా వెలువడసాగింది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమై, వార్తలకై ప్రజలలో ఆసక్తి పెరిగింది. 1924లో నెలకొల్పిన భారతి మాసపత్రిక సాహిత్యం, చరిత్ర, శాసనాలు, భాషాశాస్త్రం వంటి విషయాలకు ప్రధాన వేదికగా నిలిచింది.

గ్రంథ ప్రచురణ

1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి ప్రాచీన కావ్యాలను, ఆధునిక రచనలను సామాన్యులకు అందుబాటులో ఉండే వెలకు ప్రచురించాడు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచాడు.

కొమర్రాజు లక్ష్మణరావు మొదలుపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోయింది. అకారాది క్రమంలో సాగిన ఆ పని అప్పటికి మొదటి అక్షరాలను దాటలేదు. లాభం రాదని తెలిసినా నాగేశ్వరరావు ఆ భారాన్ని తలకెత్తుకుని, 1930వ దశకంలో సంపుటాలను తిరిగి ప్రచురించాడు. ఆయన జీవితకాలంలో కూడా ఆ పని పూర్తి కాలేదు.

రాజకీయ జీవితం

ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడిగా పనిచేశాడు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుశిక్ష అనుభవించాడు. చెరసాలలో భగవద్గీతకు వ్యాఖ్య రచించాడు. ప్రభుత్వ ఆగ్రహం వ్యాపారానికి కూడా చేటు తేగలదు. అయినా సంస్థ యజమానిగా ఉంటూనే ఉద్యమంలో కొనసాగాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో "కళాప్రపూర్ణ" బిరుదుతో సత్కరించింది.

1937 నవంబరు 16న మద్రాసులోని ఈయన నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాయలసీమకు అన్యాయం జరగకుండా చూడడం దీని ఉద్దేశం. దీనినే శ్రీబాగ్ ఒడంబడిక అంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు రాజధాని కర్నూలులోను, హైకోర్టు గుంటూరులోను నెలకొల్పడానికి ఇదే ఆధారం.

వారసత్వం

నాగేశ్వరరావు అనంతరం అల్లుడు శివలెంక శంభుప్రసాద్ వ్యాపార బాధ్యతలతో పాటు పత్రికల బాధ్యతలను కూడా స్వీకరించాడు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో నిలిచిపోయాయి. అమృతాంజనం మాత్రం నేటికీ అమ్ముడవుతూ ఉంది. చెన్నై మైలాపూరులోని లజ్ ప్రాంతంలో ఒక ఉద్యానవనానికి ఈయన పేరు పెట్టారు. తెలుగు సాహిత్య, చరిత్ర పరిశోధకులు భారతి పాత సంచికలను ఈనాటికీ ఆధారంగా గ్రహిస్తున్నారు.