అత్యవసర రేడియోల్లో స్వరసంకేతాలు

అమెరికాలోని పోలీసు, అగ్నిమాపక శాఖల రేడియోల్లో మాటకు ముందో, మాట ముగిసిన వెంటనేనో వినిపించే కూతలూ కిచకిచలూ కొత్తవారికి ఉత్త రొదగా తోచినా, వాటిలో ప్రతిదీ ఒక నిర్దిష్టమైన అవసరం కోసం పుట్టింది. అనేక వాహనాలు ఒకే చానల్‌ను పంచుకోవలసి రావడమే ఈ సంకేతాలకు మూలం కాగా, పిలుపు ఎవరికి, పలికినది ఎవరు అనే రెండు ప్రశ్నలకు ఇంజనీర్లు వేర్వేరు దశాబ్దాల్లో కనుగొన్న సమాధానాలే వాటి చరిత్ర.

1928లో డెట్రాయిట్ పోలీసులు గస్తీ కార్లకు రేడియో ద్వారా సమాచారం పంపడం మొదలుపెట్టినప్పుడు ప్రసారం ఒకవైపే సాగేది. కారులోని పోలీసు వినగలడే తప్ప బదులు చెప్పలేడు. 1933లో న్యూజెర్సీలోని బేయాన్ నగర పోలీసులు రెండువైపులా మాట్లాడే రేడియోను వాడుకలోకి తెచ్చారు. 1940లో కనెటికట్ రాష్ట్ర పోలీసుల కోసం డేనియల్ నోబుల్ రూపొందించిన ఎఫ్‌.ఎం. వ్యవస్థ రాష్ట్రమంతటా మాటను స్పష్టంగా చేరవేసింది. సంభాషణ సులువైనకొద్దీ చానల్‌లో రద్దీ పెరిగి, తమకు సంబంధం లేని మాటలను కూడా అందరూ రోజంతా వినవలసి వచ్చింది.

పిలుపు ఎవరికన్న ప్రశ్నకు ఒక సమాధానం నోబుల్ తరువాత చేరిన మోటరోలా సంస్థ నుంచే 'క్విక్ కాల్' పేరుతో వచ్చింది. గ్రాహకంలో అమర్చిన సన్నని లోహపు రీడు తనకు నిర్ణయించిన ఫ్రీక్వెన్సీ గల స్వరానికి మాత్రమే కంపిస్తుంది కనుక, ఆయా కేంద్రాలకు వేర్వేరు స్వరాల కలయికను కేటాయిస్తే, కోరిన కేంద్రంలోని స్పీకర్ మాత్రమే తెరుచుకుంటుంది. తొలి పద్ధతిలో రెండేసి స్వరాలు జంటలుగా ఒకేసారి మోగేవి; తరువాతి పద్ధతిలో మొదటి స్వరం ఒక సెకను, రెండవది మూడు సెకన్లు వరుసగా మోగుతాయి. 1972లో మొదలైన 'ఎమర్జెన్సీ!' టెలివిజన్ ధారావాహిక ఈ పిలుపును ఇంటింటికీ పరిచయం చేయగా, అదే దశాబ్దంలో వచ్చిన 'మినిటర్' పేజర్లు స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బందిని వారి ఇళ్లలోనే లేపగలిగాయి.

దీనికి భిన్నంగా, మాట సాగినంతసేపూ దాని అడుగున మోగే స్వరం మరొకటి ఉంది. సుమారు 67 నుంచి 254 హెర్ట్జ్ వరకు ఉండే ఈ స్వరాన్ని చెవి గ్రహించగలిగినా స్పీకర్‌కు చేరకముందే ఫిల్టర్ వడకడుతుంది. సరిపోయే స్వరం లేని ప్రసారానికి గ్రాహకం నోరు విప్పదు. ఇది ఇతరుల మాటలు వినిపించకుండా చేస్తుందే తప్ప తన మాటకు గోప్యత కల్పించదు. ప్రసారం ఆగినా, ఆ స్వరాన్ని గుర్తించే రీడు క్షణకాలం కంపిస్తూనే ఉండి హోరును లోపలికి రానిచ్చేది కనుక, చివరలో స్వరపు తరంగదశను మార్చి పంపి ఆ కంపనాన్ని అణచే ఏర్పాటు చేశారు.

పలికినది ఎవరన్న ప్రశ్నకు సమాధానం మాత్రం చాలాకాలం మనిషి నోటిమాటే. ఆపదలో చిక్కిన పోలీసు తన సంఖ్య చెప్పుకోలేడన్న లోపాన్ని డేటా సంకేతాలు తీర్చాయి. ఎం.డి.సి.-1200 అనే పద్ధతిలో 1200, 1800 హెర్ట్జ్ స్వరాలు సెకనుకు 1200 బిట్ల వేగంతో మారుతూ రేడియో గుర్తింపు సంఖ్యను మోసుకువెళ్తాయి. చెవికి అది చిన్న కిచకిచ మాత్రమే. కంట్రోల్ రూం తెరపై అది ఒక సంఖ్యగానో, అత్యవసర మీట నొక్కినట్లు హెచ్చరికగానో కనబడుతుంది.

ప్రాజెక్ట్ 25 వంటి డిజిటల్ రేడియోల్లో గుర్తింపు సంఖ్య మాటతో పాటే బిట్లలో కలిసిపోవడంతో ఈ కిచకిచ అవసరం తీరిపోయింది. అయినా వరుసగా మోగే రెండు స్వరాల పిలుపు మాత్రం అనేక చిన్న ఊళ్ల అగ్నిమాపక దళాల్లో నిలిచింది. ఒక్క ప్రసారంతో ఎందరి పేజర్లనైనా మోగించగల ఆ పాత పద్ధతి, సంఖ్యలో కొద్దిమందిగా ఉండి ఇళ్లలో చెల్లాచెదురుగా ఉండే స్వచ్ఛంద సిబ్బంది అవసరానికి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది.