నానమ్మ బొమ్మ, కూల్డ్రే దొర పాఠం

ఈ వారం ఎపిసోడ్‌లో దామెర్ల రామారావు గురించి మాట్లాడుకున్నాం కదా. టైము చాలక వదిలేసిన సంగతి ఒకటి ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నా.

మా అమ్మ రాజమండ్రి నుంచి నోవై వచ్చి నాలుగు నెలలైంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల లెక్క మీకు తెలిసిందే, ఆరు నెలలు. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఎప్పుడూ అనిమే బొమ్మలు గీస్తూ ఉంటుంది. ఒకరోజు నానమ్మని వేసింది. ఇంతేసి కళ్లు, సూది గడ్డం, పైన తెల్ల జుట్టు. అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇదెవరే? నేనైతే కాదు" అంది. పిల్ల చిన్నబుచ్చుకుని, "నాకు మనుషులు రారు" అని పుస్తకం మూసేసింది.

కొత్తగా బొమ్మలు నేర్చుకునేవాళ్లందరికీ వచ్చే చిక్కే ఇది. చేతికి ఒక మొహం అలవాటైపోతుంది. రాజుని వేసినా, కూలీని వేసినా అదే మొహం, జుట్టు ఒక్కటే మారుతుంది. నాకు బొమ్మలు రావు, నేను చేసేది కార్ల విడిభాగాల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. కానీ ఎపిసోడ్ కోసం చదువుతున్న రోజులు కాబట్టి రాజమండ్రి కథ చెప్పాను.

వందేళ్ల కిందట ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆయనే చిత్రకారుడు, రచయిత కూడా. అప్పుడు ఇళ్లలో ఎక్కడ చూసినా రవివర్మ ప్రింట్లే. బొమ్మలు నేర్చుకోవాలంటే ముందున్న బొమ్మని చూసి దించడమే దారి. కూల్డ్రే తన చుట్టూ చేరిన కుర్రాళ్లకి అజంతా చూపించాడు, మన చుట్టూ ఉన్న మనుషుల్ని చూడమన్నాడు. ఆ కుర్రాళ్లలో అడివి బాపిరాజు ఒకరు, తర్వాత 'నారాయణరావు' నవల రాసినాయన. ఇంకొకరు 1897లో పుట్టిన దామెర్ల రామారావు.

రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. చదువయ్యాక బొంబాయిలో ఉండిపోకుండా సొంతూరు వచ్చి, తనకి దొరికిన సాయం తర్వాతివాళ్లకి అందేలా చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టాడు. రామారావు బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. సిగ్గు విడిచి చెప్తున్నా, అక్కడ ఉన్నన్నాళ్లూ దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో, లోపలికి మాత్రం ఒక్కసారీ పోలేదు.

పోనీ ఇక్కడిదైనా చూద్దామని ఒక శనివారం అమ్మనీ పిల్లనీ డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్లాను. నోవై నుంచి ముప్పై మైళ్లు ఉంటుందేమో. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932, 33లో అక్కడి గోడల మీద 27 బొమ్మలు వేశాడు. రంగు పట్టుకోకముందు నెలల తరబడి ఫోర్డ్ వారి రూజ్ ఫ్యాక్టరీలో తిరిగి, పనివాళ్లని చూస్తూ స్కెచ్‌లు వేసుకున్నాడు. ఆ గోడ ముందు నిలబడితే మొహాల కంటే ముందు వంగిన నడుములు, లాగుతున్న చేతులు కనపడతాయి. అమ్మ చాలాసేపు చూసి, "పాపం, ఎంత కష్టపడుతున్నారో" అంది. ఒక్క మొహం గురించీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక పిల్లకి ఒకే మాట చెప్పాను: కళ్లతో మొదలుపెట్టకు, నానమ్మ ఎలా కూర్చుందో ముందు అది గియ్యి. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఒక్కో బొమ్మకి రెండే నిమిషాలు, రబ్బరు వాడకూడదు. తల ఎటు వాలింది, భుజాల్లో ఏది కిందకుంది, చేతులు ఎక్కడ ఆగాయి, అంతే. మొదటి పది చెత్తబుట్టలోకే పోయాయి. మూడో వారంలో ఒకటి కుదిరింది. దాంట్లో కళ్లు లేవు, ముక్కు లేదు. అయినా చూడగానే అమ్మే.

అమ్మ దాన్ని పట్టుకుని, "నా మెడ ఇలా వంగిపోయిందేంట్రా?" అని నన్ను అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్లుగా రోజూ వీడియో కాల్‌లో అమ్మని చూస్తూనే ఉన్నా. ఫోన్లో కనపడేది మొహమే కదా. ఆ వంపు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. మా పిల్ల పెన్సిల్ పట్టుకుని చూసింది కాబట్టి దానికి కనపడింది. సోమవారం అమ్మని డాక్టరుకి చూపించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అమ్మ తిరుగు టికెట్ వచ్చే నెల. పిల్ల రోజుకి రెండు బొమ్మలు వేస్తోంది. ఈసారి ఊరెళ్తే ముగ్గురం కలిసి ఆ గ్యాలరీ లోపలికి వెళ్లాలని అనుకున్నాం.

మీ ఇంటికి ఎవరైనా వచ్చి ఉంటే, లేదా మీరే సెలవు మీద ఊరెళ్తే, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు. రెండు నిమిషాలు మనిషిని నిదానంగా చూసినట్టవుతుంది. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను.